ఎదురుకాళ్ల నన్నీ బీ

పత్తికొండ టమాటా మార్కెట్‌లో కాయలు ఏరే నన్నీ బీ కాళ్లు ముందుగా పుట్టిన మనిషి. అలాంటివాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని హమాలీల నమ్మకం. పొద్దున్నే ఆమె ఎండకు వీపు పెట్టి నువ్వులుండ నములుతుండగానే ఒకరిద్దరు వచ్చి గోనెపట్టా మీద బోర్లా పడుకుంటారు. ఆమె చెప్పు విడిచి, పాదం తుడుచుకుని, బిస్మిల్లా అనుకుంటూ మెల్లగా మూడుసార్లు తాకిస్తుంది. నిరుడు ఆమె నడుమే పట్టేసింది. ఎముకలు అరిగాయనుకుని పాలూ రాగిజావా రెట్టింపు చేసింది. ఎముకలు గట్టిగానే ఉన్నాయని, నొక్కుకుపోయింది నరమని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. అప్పట్నుంచి పాదం ఎత్తాక, తాకించే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది.

మొన్నామధ్య హమాలీ ఓబుళేశు వచ్చి పడుకున్నాడు. "నొప్పి నడుం కాడ్నే ఉండాదా, కాల్లోకి దిగుతాందా?" అని అడిగింది. "మడమ దాకా కరెంటు కొట్టినట్ల లాగుతాంది పెద్దమ్మా" అన్నాడు. ఆమె ఎత్తిన కాలు దించేసింది. "ఇది నరం బాధప్పా. నా కాలు పనికిరాదు. మూటలు మోయకుండా డాక్టరు కాడికి పో." "ఊరందరికీ తంతావు, నాకొక్కనికే తన్నవా?" అని అలిగి పోయాడు. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పిన కసరత్తులు నెలరోజులు చేసి, నిటారుగా తిరిగొచ్చి మార్కెట్ అంతటికీ చెప్పాడు: "ఆయమ్మ తన్నాల్సిన పనిల్యా. కాలు ఎత్తి దించితే సాలు." మర్నాడు పొద్దున ఆమె ముందు ముగ్గురు పడుకున్నారు. కాలు తగిలించొద్దని, ఊరికే ఎత్తి దించమని ముగ్గురూ బతిమాలారు.