పెద్దత్త ఎక్కితే ఆగిపోయే బండి

తన బరువు మీద మెకానిక్ జోకు వేసినప్పుడల్లా పెద్దత్త అందరికంటే ముందు తానే నవ్వేది.

"బండికి రోగం ఏమీ లేదమ్మా, మోయలేక ఆగిపోతోంది. మీ అత్తగారికి ఓ లారీ కొనిపెట్టు" అనేవాడతను కోడలితో. టైరులో గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్లు పకపకా నవ్వేవారు.

"లారీ నడిపేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు నాయనా, మా అబ్బాయే. వాడికి నన్ను ఎక్కించుకునే తీరికే లేదు" అనేది పెద్దత్త. మళ్లీ నవ్వులు. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట ఆవిడ కంచంలో సగం అలాగే మిగిలిపోయేది. ఆ సంగతి కోడలు ఒక్కతే గమనించింది.

మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పెద్దత్తే. ఒకప్పుడు ఊళ్లో పెద్ద బట్టల కొట్టులో అమ్మకాల పని చేసేది. ఎవరికి ఏ రంగు నప్పుతుందో మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపే చెప్పేసేదట. కొట్టులో కొనేవాళ్లకు కుర్చీలు ఉండేవి, చూపించేవాళ్లకు ఉండేవి కావు. అడిగితే, కూర్చుంటే నిద్రొస్తుందన్నాడు యజమాని. ఏళ్ల తరబడి అలా నిలబడి నిలబడి కాళ్లలో నరాలు ఉబ్బాయి. ఎడమ చీలమండ పైన పుండు పడింది. దీన్ని వయసు తెచ్చిన జబ్బంటే నేను ఒప్పుకోను. ఇది కూర్చోనివ్వనివాళ్లు తెచ్చిన జబ్బు. పెద్దత్త మాత్రం "పోనిద్దూ, వాడి కాళ్లు వాడికున్నాయి, నా కాళ్లు నాకున్నాయి" అంటుంది.

ఆ పుండుకు రోజు విడిచి రోజు ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. మధ్యలో మానేస్తే కాలు దక్కదని నర్సు మొహమాటం లేకుండా చెప్పింది. బస్సు మెట్టు ఎక్కడం పెద్దత్త వల్ల కాదు. అందుకే పార్సిల్ ఆఫీసులో పనిచేసే కోడలు, తోటి ఉద్యోగి దగ్గర ఒక పాత మోటార్ సైకిల్ కొన్నది. ట్యాంకు మీద సొట్ట ఉన్నా, ఇద్దరు హాయిగా కూర్చోగలిగే పొడుగాటి సీటు చూసి ముచ్చట పడింది.

కోడలు ఒక్కతే వెళితే బండి గుర్రంలా పరుగెత్తేది. వెనక పెద్దత్త కూర్చుంటే వీధి మలుపు దగ్గర గతుకులో పడగానే టక్కున ఆగిపోయేది. ఆవిడ దిగితే మొదటి కిక్కుకే అందుకునేది. దిగి, ఎక్కి, మళ్లీ దిగి, పుండు ఉన్న కాలుతో కుంటుకుంటూ ఆసుపత్రికి చేరేవారు.

"మా అత్తయ్య కూర్చుంటేనే ఆగుతుందండీ. ఆగినప్పుడు కూడా హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది. బ్యాటరీ కాదేమో" అని కోడలు మెకానిక్‌కు చెప్పింది. అతను బ్యాటరీ మార్చాడు. తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత కాయిల్. మార్చిన ప్రతిసారీ ఒక్కడే ఎక్కి, బజారు చివరిదాకా వెళ్లొచ్చి, "సూపరుగా ఉంది" అన్నాడు. ఆ కాసేపూ పెద్దత్త పాత టైర్ల దొంతర మీద కూర్చుని ఉండేది. ఒక్కసారైనా ఆవిడను ఎక్కించుకుని చూద్దామని అతనికి తోచలేదు.

ఒక మధ్యాహ్నం కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్దత్త గడప మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"తయారవ్వలేదేం అత్తయ్యా?"

"ఇవాళ వద్దులేవే. ఇక కట్టు నేనే కట్టుకుంటాను. చూసి నేర్చుకున్నాను."

"నర్సు కట్టు విప్పుతుంటే కళ్లు గట్టిగా మూసుకుంటారు కదా, ఏం చూశారు?"

"విని నేర్చుకున్నాను."

కోడలు నవ్వలేదు. పక్కన కూలబడింది. "నిజం చెప్పండి."

"ఏముందే చెప్పడానికి. నన్ను మోయడానికి కొన్నావు దాన్ని. నేనెక్కితే అది చస్తోంది. బండినన్నా అమ్మెయ్, నన్నన్నా అమ్మెయ్."

"మిమ్మల్ని ఎవరు కొంటారు?"

"తూకానికి పెట్టు, ఎగబడి కొంటారు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే కోడలికి ఏడుపొచ్చింది. "ఆ కాలికి ఏమన్నా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పాలి? నాకు నేనేం చెప్పుకోవాలి?" అంది ముక్కు తుడుచుకుంటూ.

పెద్దత్త గోడకు ఆనించి ఉన్న బండినే చూస్తూ, "మడతలో ఉన్నప్పుడు గుడ్డలో తెగిన పోగు కనపడదే" అంది. "మేం బల్ల మీద పరిచి, రెండు చేతులా లాగి చూసేవాళ్లం. లాగితేనే లోపం బయటపడేది. ఆ మెకానిక్ మడత విప్పకుండానే చూస్తున్నాడు. నన్ను ఎక్కించి చూడు."

కోడలు బండిని కిటికీ పక్కన పెద్ద స్టాండు వేసి నిలిపింది. ఇంజన్ స్టార్ట్ చేసింది. పెద్దత్త కిటికీ ఊచలు పట్టుకుని మెల్లగా సీటు వెనక భాగం మీద కూర్చుని, గతుకులో పడ్డట్టు ఒకసారి కుదిపింది. ఇంజన్ ఆగింది. లైటు వెలుగుతూనే ఉంది. ఊచల మీద బరువు వేసి ఆవిడ కాస్త పైకి లేచింది. కోడలు కిక్కు కొడితే ఇంజన్ అందుకుంది. మళ్లీ కూర్చుని కుదిపింది, మళ్లీ ఆగింది.

"దొంగ సీటు కిందే ఉన్నాడే" అంది పెద్దత్త.

కోడలు పానాతో బోల్టులు విప్పి సీటు ఊడదీసింది. ఫ్రేము గొట్టం మీద నల్ల టేపు చుట్టిన తీగ ఒకటి అడ్డంగా పడి ఉంది. నలిగి నలిగి టేపు చిరిగి, లోపలి రాగి మెరుస్తోంది. దాని కింద గొట్టం మీద చిన్న నల్ల మచ్చ. ఇంజన్ నడుస్తుండగా కోడలు స్క్రూడ్రైవర్ చెక్కపిడితో ఆ తీగను గొట్టానికి అదిమింది. ఇంజన్ ఆగిపోయింది. వదిలేసి కిక్కు కొడితే నడిచింది.

బండి అమ్మినాయనకు ఫోన్ చేసింది. దొంగల భయంతో సీటు కింద రహస్యంగా ఒక స్విచ్ పెట్టించుకున్నాడట. తీగ ఇనుముకు తగిలితే ఇంజన్‌కు నిప్పురవ్వ అందదు, మిగతావన్నీ మామూలే. అమ్మేముందు స్విచ్ పీకేసి తీగ అలాగే వదిలేశాడు. "చెప్పడం మర్చిపోయానమ్మా" అన్నాడు.

సన్నటివాళ్లు కూర్చుంటే సీటు అంతగా కిందికి దిగదు. పెద్దత్త కూర్చుంటే దిగుతుంది. "మంచిదే అయింది అత్తయ్యా. మీరు లేకపోతే ఆ తీగ ఇంకా అరిగి, ఏ రోడ్డు మధ్యలోనో నన్ను నిలబెట్టేది" అంటూ కోడలు రాగిని టేపుతో గట్టిగా చుట్టి, పైన రబ్బరు గొట్టం తొడిగి, సీటు తగలనంత దూరంగా పక్కకు కట్టేసింది. సీటు బిగించి స్టార్ట్ చేసింది. పెద్దత్త కూర్చుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆవిడ కావాలని రెండుసార్లు కుదిపి చూసింది. ఉహూ, ఆగలేదు.

"పద పద, నర్సు వెళ్లిపోతుంది" అని తొందరపెట్టింది పెద్దత్త, పొద్దుటి నుంచి తయారై తానే ఎదురు చూస్తున్నట్టు.

కట్టు మార్పించుకుని వస్తూ మెకానిక్ షాపు ముందు ఆగారు. కోడలు జరిగింది చెప్పింది. అతను తల గోక్కుని, "అంటే బరువు వల్లనే కదమ్మా" అన్నాడు.

"నా బరువు నేనేం దాచుకోలేదు నాయనా, అందరికీ కనపడుతూనే ఉంది" అంది పెద్దత్త. "దాక్కున్నది తీగ. నువ్వు వెతకాల్సింది దాన్ని."

ఈసారి ఆవిడ నవ్వలేదు. టీ గ్లాసులవాళ్లూ నవ్వలేదు. మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టి, "నిజమే పెద్దత్తా, ఎక్కించుకుని చూడాల్సింది" అన్నాడు.

పుండు ఇంకా పూర్తిగా మానలేదు కానీ అంచులు దగ్గరపడుతున్నాయని నర్సు అంటోంది. పెద్దత్త కట్టు మానేసి ఇంట్లో కూర్చోవాలనుకుంది తీగ మీది టేపు చిరిగినందుకు కాదు. నలుగురిలో నవ్వులపాలై, తప్పు తన ఒంటిదేనని నమ్మినందుకు. అందుకే ఈ మాట అడుగుతున్నాను. మీరు బండ్లు బాగుచేసేవారైతే, బండి ఎవరు ఎక్కితే ఆగుతుందో వాళ్లను ఎక్కించే చూడండి. కాకపోతే, ఏ షాపు ముందో మీరు నిలబడి ఉన్నప్పుడు ఎవరి ఒంటి మీదైనా ఇలాంటి జోకు పడితే నవ్వు కలపకండి. "ముందు ఆవిడ చెప్పేది వినవయ్యా" అని ఒక్క మాట పైకి అనండి.