మన ఊరివాళ్ల వీణ

రామబ్రహ్మమంత అనుమానపు మనిషి చందానగర్ మొత్తం మీద ఇంకొకరు ఉండరని ఆయన భార్య వీరలక్ష్మే అనేది. వంకాయను నాలుగు వైపులా తిప్పి చూడందే సంచిలో వేయనిచ్చేవాడు కాదు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఆడించందే జేబులో చెయ్యి పెట్టేవాడు కాదు. ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. ఆడిట్ ఆఫీసులో పదిహేడేళ్లుగా దొంగ బిల్లులు పట్టుకోవడమే ఆయన పని. అలాంటి మనిషి ముఖమైనా చూడని ఒకడికి ఎనిమిది వేలు పంపి మోసపోయాడని తెలిసి ఆఫీసులో కడుపుబ్బ నవ్వుకున్నారు. అసలు సంగతి తెలిస్తే నవ్వేవాళ్లు కాదు.

పాలకొల్లు నుంచి కొత్త కాపురంతో హైదరాబాదు వచ్చిన ఏడాది, ఇంటి అడ్వాన్సుకు డబ్బు చాలక వీరలక్ష్మి పుట్టింటి వీణ అమ్మేయాల్సి వచ్చింది. ఆమె పదేళ్లప్పటి నుంచి వాయించిన వీణ అది. ఆఫీసులో పని ఉందని చెప్పి రామబ్రహ్మం వెళ్లిపోతే, ఆమె ఒక్కతే రిక్షాలో సుల్తాన్‌బజారుకు తీసుకెళ్లి అమ్ముకొచ్చింది. తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందువల్ల మరిచిపోయినట్టు కాదు. ఆమెకు మళ్లీ ఒక వీణ తెచ్చిపెట్టాలన్న కోరిక ఆయన లోపల అలాగే ఉండిపోయింది. కొత్తది కొందామంటే ధర ఎప్పుడూ జీతం కంటే నాలుగడుగులు ముందే నడిచేది.

1999 ఎండాకాలంలో లింగంపల్లి స్టేషన్ రోడ్డులో ఓంకార్ అనే కుర్రాడు ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. నానక్‌రామ్‌గూడలో వాళ్ల నాన్న భూమి అమ్మితే వచ్చిన డబ్బుతో కొన్న మూడు కంప్యూటర్లు, ఒక ఫోను లైను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల గుండ్రటి భవనం లేచినప్పటి నుంచి అందరికీ కంప్యూటర్ పిచ్చి పట్టుకుంది. పాత సంగీత వాయిద్యాలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ప్రకటనలు పెట్టుకునే చోటొకటి ఇంటర్నెట్లో ఉందని ఓంకారే చూపించాడు. గిటార్లు, కీబోర్డుల మధ్య ఒకే ఒక్క వీణ. మద్రాసు నుంచి జశ్వంత్ అనే అతను పెట్టాడు. బొబ్బిలి వీణ, మా అమ్మది, వేళ్లు పట్టేసి వాయించలేకపోతోంది అని రాశాడు.

రామబ్రహ్మం తెలుగులో కాగితం మీద రాసుకొచ్చేవాడు. ఓంకార్ దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాడు. జవాబు వస్తే ప్రింటు తీసి ఇచ్చేవాడు. మొదటి ఉత్తరంలోనే రామబ్రహ్మం అలవాటు కొద్దీ అడిగాడు, ఏ ఊరు బాబూ మీది, మాది పాలకొల్లు అని. వెంటనే జవాబొచ్చింది: "పాలకొల్లా! మాదీ అక్కడేనండీ బాబాయిగారూ!"

ఆ బాబాయిగారూ అన్న ఒక్క పిలుపుతో వంకాయలు తిప్పి చూసే మనిషి ఎక్కడికో పోయాడు. మా వీధి చివర కాలువ లాకుల దగ్గర ఈతలు కొట్టేవాళ్లం అని ఈయన రాస్తే, ఆ లాకుల దగ్గరే కదా మేమూ ఈతలు కొట్టింది అని అతను రాశాడు. ఎనిమిది వేలకు బేరం కుదిరింది.

"సార్, జర నా మాట ఇనుండ్రి," అన్నాడు ఓంకార్. "ముందుగాల పైసలు పంపకుండ్రి. మద్రాసుల మీకు ఎరుకున్నోళ్లు ఎవరన్న ఉంటె, పోయి వీణ సూసి, తీగ మీటినంకనే ఇయ్యమనుండ్రి. లేకుంటె వీపీపీల పంపుమనుండ్రి, పార్సిల్ ఇంటికొచ్చినంక పోస్టుమ్యాన్‌కు కట్టొచ్చు."

"అతను మనవాడేనయ్యా. మా పాలకొల్లువాడు."

"ఎవరు జెప్పిండ్రు సార్?"

"అతనే చెప్పాడు."

అయినా రామబ్రహ్మం ఆ సలహా ప్రకారమే రాశాడు. ఒకప్పుడు తనతో పనిచేసినాయన ఒకరు మద్రాసు ఆఫీసులో ఉన్నారు, వచ్చి చూసి డబ్బిస్తారు అన్నాడు. దానికి జవాబు చాలా మర్యాదగా వచ్చింది. "తప్పకుండా పంపండి బాబాయిగారూ. కానీ సొంత ఊరివాళ్లే నమ్మలేదని తెలిస్తే అమ్మ బాధపడుతుంది." అది చదివి రామబ్రహ్మం సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడే డీడీ తీసి రిజిస్టర్డు పోస్టులో పంపించాడు.

అంతే, ఆ తర్వాత జవాబు లేదు. నాలుగు వారాలు చూసి, మద్రాసు స్నేహితుడికి ఫోను చేశాడు. ఆయన వెళ్లి చూస్తే ఆ చిరునామాలో ఉన్నది లాడ్జి. డీడీ డబ్బు ఎప్పుడో డ్రా అయిపోయింది. "ముందే ఒక్క ఫోను కొడితే నేనే వెళ్లొచ్చేవాణ్ణి కదండీ," అన్నాడా స్నేహితుడు.

ఆదివారం మధ్యాహ్నం రామబ్రహ్మం ఆ ఉత్తరాల ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆఫీసు మనిషి కదా, తన చిత్తు కాగితాలు, అతని జవాబులు తేదీల వారీగా కుట్టి పెట్టాడు. ఎర్ర పెన్సిలు తీసి, తనను నమ్మించిన ప్రతి ముక్క కిందా గీత గీస్తూ పోయాడు. పాలకొల్లు. లాకులు. గీసిన ప్రతిదీ దానికి ముందు కాగితంలో తన చేతిరాతలోనే ఉంది. ఊరి గురించి అతను కొత్తగా చెప్పింది ఒక్కటీ లేదు. తను ఇచ్చిందే తనకు తిప్పి ఇచ్చాడు. పదిహేడేళ్లు ఊళ్లోవాళ్ల లెక్కలు తేల్చిన మనిషి తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

వీరలక్ష్మి వచ్చి ఏమైందండీ అని అడిగింది. ఫైలు ఆమె వైపు జరిపాడు. డబ్బు పోయినందుకు నాలుగు మాటలు పడాల్సిందేనని తల వంచుకున్నాడు. ఆమె డీడీ రసీదు చూసింది, తిప్పేసింది. లాడ్జి సంగతి ఆయన రాసిపెట్టుకున్న కాగితం చదివింది, తిప్పేసింది. కాగితాలు వెనక్కి తిప్పుతూ, ఆయన రాసిన మూడో ఉత్తరం దగ్గర ఆగిపోయింది.

"బాబూ, ఈ వీణ నేను సంగీతం కోసం కొనడం లేదు. మా ఆవిడ వీణ అమ్మిన రోజు ఆఫీసులో పని ఉందని చెప్పాను. పనేమీ లేదు. చూడలేక తప్పించుకుని, సాయంత్రం దాకా పబ్లిక్ గార్డెన్‌లో కూర్చున్నాను. ఆ తర్వాత ఆవిడ కూనిరాగమైనా తీయగా నేను వినలేదు. క్షమించమని అడగడానికి ఇన్నేళ్లుగా నాకు నోరు రాలేదు. వీణ ఇంటికొస్తే అడగక్కర్లేకుండానే అర్థమవుతుందని ఆశ."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకోకుండానే ఆయన వైపు చూసింది.

"ఇది నాకు రాయాల్సిన ఉత్తరం కదండీ," అంది. "వాడెవడికో రాశారు."