జానెడు జుట్టు

కరోనా తర్వాత రెండో ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో, అమీర్‌పేట బ్రాంచిలో తలలు కడిగే హెల్పర్‌గా ఉన్న నన్ను జూనియర్ టెక్నీషియన్‌ను చేసి పంజాగుట్ట పార్లర్‌కు పంపారు. తర్వాత జుట్టు రంగులు పడక చేతులు పగిలిపోతుంటే ఆ వృత్తి మానేశాను. మానేసి ఏడాది దాటింది. ఎస్.ఆర్. నగర్‌లో మా హాస్టల్ అమ్మాయిలు మాత్రం ఇప్పటికీ జడ కొసలు పట్టుకుని నా గదికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేదేదో ఒకసారి రాసి పెడుతున్నాను. అప్పటి డైరీ నా దగ్గరే ఉంది.

పార్లర్‌లో ఎవరి పని వాళ్లదే. హెల్పర్ తల కడుగుతుంది. జూనియర్ ఆరబెడుతుంది, నూనె పట్టిస్తుంది, చెప్పిన మేరకు చివర్లు సవరిస్తుంది. ఎంత కత్తిరించాలో కస్టమర్‌తో మాట్లాడే అధికారం సీనియర్‌కూ, పార్లర్ నడిపే సుజాత మేడమ్‌కూ మాత్రమే ఉండేది. మేడమ్‌ది భీమవరం. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది: పొడుగు జుట్టువాళ్ల దగ్గర కత్తెర మాట మనంతట మనం ఎత్తకూడదు, ఎత్తితే మళ్లీ రారు. ఏమైనా గమనిస్తే కస్టమర్ కార్డులో రాయాలి. నలుగురిలో నోరు తెరవడమే కష్టమైన నాకు ఆ నియమం ఎంతో సుఖంగా ఉండేది.

సంధ్య మొదటిసారి శ్రావణంలో వచ్చింది. వాళ్లది నేతపని కుటుంబం. ఊళ్లో మగ్గం మానేసి అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నారు. మాఘంలో పెళ్లి. జుట్టు తుంటి దాటి ఉండేది. వాళ్లమ్మ లక్ష్మమ్మ పట్టుదల ఒక్కటే: పూలజడ సవరం లేకుండా సొంత జుట్టు మీదే కుట్టాలి, అప్పటిదాకా కత్తెర ముట్టకూడదు.

చివర్లను తెల్ల తువ్వాలు మీద పరిచి చూశాను. కొసలు రెండుగా, కొన్ని మూడుగా చీలి ఉన్నాయి. చీలిన వెంట్రుకను ఏ నూనే, ఏ సీరమూ అతికించలేదు. పైకి నునుపుగా కనిపించేలా చేస్తాయి, తల కడిగితే అదీ పోతుంది. ఆ రోజుకు రెండు వేళ్ల మేర తీస్తే సరిపోయేది. మిగతా జుట్టుకు డస్టింగ్ చేయొచ్చు. అంటే సన్నటి పాయ తీసి మెలిపెడితే చీలిన కొసలు బయటికి పొడుచుకొస్తాయి, వాటిని మాత్రం కత్తిరిస్తే పొడవు తగ్గదు. ఇదంతా కార్డులో వివరంగా రాశాను. మేడమ్ దాని కింద హెయిర్ స్పా అని రాశారు.

సంధ్య నెలనెలా వచ్చేది. తడి జుట్టు దువ్వుతావా అని అడిగితే లేదక్కా అనేది. ఆమె బ్యాగులో దువ్వెన పళ్లకు తడి వెంట్రుకలు చుట్టుకుని ఉండేవి. రబ్బరు బ్యాండ్లు వాడనని చెప్పే మనిషి మణికట్టుకు రెండు కనిపించేవి. స్ట్రెయిటనర్ ఎప్పుడో ఒకసారి అంది. ఆ ఎప్పుడో అనేది ప్రతిరోజూ దుకాణం తెరిచే ముందని తర్వాత తేలింది. తువ్వాలుతో పిండకుండా పాత నూలుబట్టతో అద్దుకోమని, చిక్కు కింది నుంచి తీసుకోమని, పడుకునేటప్పుడు వదులుగా జడ వేసుకోమని చెప్పి చెప్పి విసిగిపోయాను. అన్నిటికీ తలూపేది. మరుసటి నెలకు చీలిక ఇంకాస్త పైకి పాకేది. ఆమె మీద విసుగంతా డైరీలో పేజీలకొద్దీ రాసుకున్నాను. కత్తిరించాలి అనే ఒక్క మాట మాత్రం కార్డు దాటి బయటికి రాలేదు.

పుష్యం చివర్లో తల్లీకూతుళ్లు కలిసి వచ్చారు. ఆ రోజు సీనియర్ సెలవు. మేడమ్ బేగంపేటలో ఎవరో పెళ్లికూతురిని ముస్తాబు చేయడానికి వెళ్లారు. జడ విప్పితే కింది జానెడు జుట్టూ పీచులా ఉంది. పూలజడ సూది గుచ్చితే తెగి చేతికొచ్చేలా ఉంది.

లక్ష్మమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. "ఐదు నెలల సంది తిప్పుకుంటున్నరు. అయినా గడ్డి లెక్కనే ఉన్నది. మీకు పని రాదా, చెప్పనీకి నోరు రాదా?"

రెండో మాట నిజం. సంధ్య జుట్టులోంచి ఒక వెంట్రుక తెంపి, తువ్వాలు మీద పెట్టి ఆమె ముందుకు జరిపాను. కళ్లజోడు పెట్టుకుని, కొసను వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"పోగు చీలింది గద."

"మగ్గం మీద ఇలాంటి పోగు వస్తే ఏం చేస్తారమ్మా?"

"మంచిగున్న కాడికి తుంచి అతుకుతం. ఇడిసిపెడితే చీలుకుంట పైకే పోతది." అంటూ కూతురి జుట్టు కొసలు చేతిలోకి తీసుకుంది. మొదట్నుంచీ ఇట్లాగే ఉందా అని అడిగింది. ఉందని, అప్పుడైతే రెండు వేళ్లు తీస్తే సరిపోయేదని చెప్పాను.

"మరి అప్పుడే చెప్పాలె గద బిడ్డా."

కార్డులో రాశానన్నాను.

"మీ కార్డు మేం చదువుతమా అక్కా?" అంది సంధ్య. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

లక్ష్మమ్మ కళ్లజోడు తీసి, చీలిన మేరకు కత్తిరించమంది. నాకు అధికారం లేని పని అని తెలిసే కత్తెర పట్టాను. జానెడు కత్తిరించాను. మిగిలిన దానికి రెండు గంటలు కూర్చుని డస్టింగ్ చేశాను. సంధ్య అద్దం వైపు చూడలేదు. కింద పడిన జుట్టును లక్ష్మమ్మ ఏరి కాగితంలో పొట్లం కట్టుకుని తీసుకుపోయింది.

ఎవరిని అడిగి కత్తెర పట్టావేంటని మేడమ్ మర్నాడు నిలదీశారు. నన్ను నెల రోజులు తిరిగి తలలు కడిగే పనిలో వేశారు. పెళ్లికూతురి ముస్తాబుకు పార్లర్ తరఫున హెల్పర్‌గానే సంధ్య పెళ్లికి వెళ్లాను. పూలజడకు పొడవు చాలలేదు. సవరం పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఆమె జుట్టుకు నేనే ముడివేశాను. పక్కనే పూలు అందిస్తున్న లక్ష్మమ్మ, ముడి గట్టిగా వెయ్యమంది.

చీలిన చివర్లకు కత్తెర తప్ప వేరే మందు లేదు. ఎంత కత్తిరించాలనేది, ఆ సంగతి కస్టమర్‌కు ఏ రోజు చెప్పామన్న దాన్ని బట్టి ఉంటుంది. నా గదికి వచ్చే అమ్మాయిలకు ఇప్పుడు ముందుగా అదే చెబుతున్నాను. నూనెలు, తువ్వాళ్ల సంగతి ఆ తర్వాతే.