కూర్చోమంటే లేచే కుక్కపిల్ల

మా వీధి దర్జీని అందరూ ‘అంగుళం’ అంటారు. కొలతలో అంగుళం ఎక్కువ పెట్టడు, తక్కువా పెట్టడు. మొహమాటం మాత్రం గజాల్లో కొలవాలి. ఎవరికీ ఎదురుగా కాదని చెప్పలేడు. ఈ గొడవంతా ఆ మెతకదనం వల్లే వచ్చింది. నా చొక్కా కొలతలు తీస్తూ తీస్తూ టేపు వదిలేసి ఆయనే చెప్పాడు. మెతకవాళ్లంటే నాకు అప్పట్నుంచీ భయం.

ఆయనకు పెళ్లీ పెటాకులూ లేవు. తమ్ముడింట్లో ముందుగదే ఆయన కొట్టు. తమ్ముడి కూతురికి ఎనిమిదేళ్లు, ఆయన ప్రాణమంతా ఆ పిల్లే. ఒకరోజు బడి నుంచి వస్తూ సంచిలో కుక్కపిల్లను వేసుకొచ్చింది. తల్లి ఆస్పత్రిలో నర్సు, మాటంటే మాటే. “నెల రోజులు టైమిస్తున్నా. ఈలోగా కూర్చోమంటే కూర్చోవాలి. లేదంటే ఎవరికైనా ఇచ్చేస్తా” అంది.

అంగుళానికి కుక్కలు గిట్టవు. కుట్టిన బట్టలన్నిటికీ బొచ్చే. రెండోరోజే ఎవరిదో కోటు అంచు నమిలిపెట్టింది. అయినా పిల్ల “నువ్వు సాయం చేస్తావు కదా పెదనాన్నా?” అంటే, “నేనుండగా నీకేం భయమే” అనేశాడు. కుక్కా పోవాలి, తన మంచితనమూ పోకూడదు.

సాయంత్రాలు పిల్ల నేర్పేది. బిస్కెట్టు ముక్క దాని ముక్కు ముందు పట్టి, మెల్లగా పైకెత్తి “కూర్చో” అనేది. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. కూర్చోగానే ముక్క నోట్లో పెట్టేది. వారం తిరక్కుండానే వచ్చేసింది. అది చూసి ఆయన గుండెల్లో రాయి పడింది.

మర్నాటి నుంచి పిల్ల బడికి వెళ్లగానే, మిషను పక్కన రెండో బడి మొదలైంది. “కూర్చో” అనేవాడు. కూర్చుంటే చూడనట్టే ఊరుకునేవాడు. లేచి, ముందుకాళ్లు ఆయన మోకాళ్ల మీద పెడితే ముక్క కాదు, బిస్కెట్టంతా ఇచ్చేవాడు. రోజుకు ఇరవైసార్లు. సాయంత్రం పిల్ల “ఎందుకో మర్చిపోతోంది పెదనాన్నా” అంటే, “పసిది కదే, ఓపిక పట్టు” అని తల నిమిరేవాడు. ఆ నిమిరిన చెయ్యి చూసుకుంటే తనకే అసహ్యమట.

నెల నిండింది. ఆదివారం పొద్దున తల్లి హాల్లో నిలబడి “కూర్చో” అంది. కుక్కపిల్ల ఠక్కున లేచి ఆమె మీదికి ఎక్కింది. మళ్లీ అంటే ఇంకా ఎత్తు ఎగిరి, బాగా చేశానా అన్నట్టు అంగుళం వైపు చూసింది. తమ్ముడు పడీపడీ నవ్వాడు. “చూశారుగా బావగారూ, ఇది మాట వినే రకం కాదు” అంది మరదలు. ఆ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు విన్నది అదొక్కటే. అది ఆయనకు తెలుసు. వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పాలవ్యాను డ్రైవరు దాన్ని తీసుకుపోయాడు.

“నాకు నేర్పడం చేతకాలేదు. పాపం నువ్వెంత కష్టపడ్డావో పెదనాన్నా” అంది పిల్ల ఆ సాయంత్రం. ఆ మాటను మూడు రోజులు భరించాడు. నాలుగోరోజు డ్రైవరు దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే అది చేతులు మారి ఎక్కడో దూరాన ఒక తోటకు చేరింది. ఎంత బతిమాలినా వాళ్లు తిరిగి ఇచ్చేది లేదన్నారట.

ఇంటికొచ్చి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆ పిల్ల బల్ల మీది గుడ్డముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది.

“అయితే అది మొద్దు కాదా?”

“కాదమ్మా. నేనేం నేర్పితే అదే నేర్చుకుంది.”

“వ్యాను ఎక్కించేముందు దాన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్లి కొట్టాను పెదనాన్నా. కూర్చో, కూర్చో అంటూ కొట్టాను. కొట్టినప్పుడల్లా లేచి నా మీద కాళ్లు పెట్టింది.”