సముద్రంలో హాపా కట్టింది నేనే

మా ఊళ్ళవైపు ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. చేపల చెరువుల ఆసామి ఒకాయన సముద్రంలో వేటకు వెళ్ళి, పట్టిన చేపను చెరువనుకుని మళ్ళీ నీళ్ళలోనే కట్టేశాడని. కథ నిజమే. మనిషే మారాడు. ఆ పని చేసింది నేను. పేరు మోస్తున్నది నా పక్క చెరువు ఆసామి, నా మిత్రుడు.

ఏటా చలికాలంలో ఒక శనివారం మేం భీమవరం వైపు నుంచి కాకినాడ వెళ్ళి రెండు చిన్న బోట్లు మాట్లాడుకుంటాం. ఒకదానిలో నేను, ఆ మిత్రుడు. రెండోదానిలో నా బావమరిది, అతని స్నేహితులు. సాయంత్రం హార్బరులో తూకం. బరువైన చేప తెచ్చిన బోటు గెలిచినట్టు. ఓడినవాళ్ళు ఆదివారం అందరికీ వండిపెట్టాలి.

ఇది జరిగిన ఏడు గాలి లేదు. ఒడ్డు కనుమరుగయ్యాక సరంగు ఇంజను ఆపి లంగరు వేశాడు. సముద్రం మీద మా మిత్రుడు వేరే మనిషి. చెరువుగట్టు మీద ఒక్కచోట నిలవనివాడు, అక్కడ గాలం తాడు వేలికి చుట్టుకుని కూర్చుంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. మధ్యాహ్నం అతని గాలానికి వంజరం పడింది. అది లాగినప్పుడు తాడు వదిలి, అలిసినప్పుడు చుట్టుకుంటూ, తొందరలేకుండా బోటులోకి తెచ్చాడు. నిలబెడితే నా నడుము దాటింది.

"రేపు మీ బావమరిది చేత గరిటె పట్టించేసినట్టేనండీ," అన్నాడు.

ఐసుపెట్టెలో పట్టలేదు. ఇంకా కొట్టుకుంటోంది. నేను దాన్ని వలసంచిలో పెట్టి, మూతి బిగించి, బోటు పక్కన నీళ్ళలోకి వేలాడదీశాను. మా చెరువుల్లో పట్టుబడి రోజున లారీ వచ్చేదాకా చేపను అలాగే నీళ్ళలో వలకట్టి ఉంచుతాం. హాపా కట్టడం అంటాం దాన్ని.

"అక్కడొద్దేమోనండీ," అన్నాడు మిత్రుడు, ఎర గుచ్చుకుంటూ.

"చేపనెలా ఉంచాలో నాకు చెప్తారేంటి?" అన్నాను నవ్వుతూ.

కాసేపటికి తాడు ఒక్కసారి గుంజుకుంది. పైకి లాగితే సంచి చిరిగి ఉంది. అందులో తల, దాన్ని అంటుకుని చారెడు కండ.

"సొర," అన్నాడు సరంగు.

మిత్రుడు మళ్ళీ గాలం వేశాడు. సాయంత్రం దాకా ఇంకేమీ పడలేదు.

హార్బరులో సరంగు బోటు కట్టడానికి వెళ్ళాడు. మేం తల పట్టుకుని తూకం దగ్గరికి వెళ్ళాం. మా బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మిగతాది వెనక లారీలో వస్తోందా బావా?" అన్నాడు.

సంచిలో కట్టి నీళ్ళలో ఉంచితే సొర కొరికేసిందన్నాను.

"నీళ్ళలో కట్టారా? ఎవరిదీ తెలివి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చేపల పెంపకంలో ఏ సందేహం వచ్చినా వాళ్ళంతా అడిగేది నన్నే. ఆ పెద్దరికం పోతుందనిపించింది. మిత్రుడి వైపు చూసి, "ఆయనకి చెరువు అలవాటు కదా," అనేశాను. అతను నా వైపు చూశాడు. నేనింకా ఏదో చెబుతాననుకున్నట్టు కాసేపు చూసి, తర్వాత అందరితోపాటు నవ్వాడు.

అప్పటినుంచి అతను హాపా గారయ్యాడు. ఎక్కడ విందు జరిగినా, "హాపా గారికి తోకముక్క వెయ్యండ్రా, పాపం ఎప్పుడూ చూళ్ళేదు," అనేవారు. కొన్నాళ్ళు నవ్వాడు. తర్వాత వేటకు రావడం మానేశాడు. అడిగితే పనుందనేవాడు. ఆ రోజున సముద్రం మీద అతని పక్కన కూర్చున్న నాకు, ఏ పనీ అతన్ని ఆపదని తెలుసు.

ఈ ఏడు బోట్లు మాట్లాడుకునేటప్పుడు, అతని చోటు ఇంకొకరికి ఇచ్చేద్దామన్నాడు బావమరిది. అప్పుడు అందరి ముందూ చెప్పాను.

"ఊరుకో బావా, ఆయన్ని రప్పించడానికి చెప్తున్నావ్," అన్నాడు. నమ్మించడానికి చాలాసేపు పట్టింది. నమ్మాక, "అయితే ఇంకొకర్ని చూడాల్సింది నీ చోటులోకి," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మిత్రుడి చెరువు దగ్గరికి వెళ్ళాను. మేత బస్తాలు దింపిస్తున్నాడు.

"అందరికీ చెప్పేశానండీ, కట్టింది నేనేనని. శనివారం రండి."

అతను చేతులు దులుపుకున్నాడు. "మా ఇంట్లో కూడా చెప్పండి."

ఇంట్లో ఎప్పుడో చెప్పుకునే ఉంటాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇద్దరం కలిసి వెళ్ళాం. వాళ్ళావిడ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. ఆవిడ భర్త వైపు తిరిగింది.

"నేనూ నవ్వేదాన్ని కదండీ. ఒక్కసారైనా చెప్పొద్దూ?"

"ఆయనే చెప్తారని చూశాను," అన్నాడు.

ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర, శనివారం రమ్మని మళ్ళీ అడిగాను.

"ఆవిడతో మాట్లాడి చెప్తానండీ," అన్నాడు, లోపలి గుమ్మం వైపు చూస్తూ.