వదిన చెప్పింది, నేను రాసింది

మా వదిన పోయి చాలా కాలమైంది. ఆమె బతికుండగా చెప్పాల్సిన మాట ఒకటి నాలోనే ఉండిపోయింది. మా ఆయనకూ చెప్పలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నేనొక్కదాన్నే. మీరెవరో తెలియదు కాబట్టే మీతో అనగలుగుతున్నానేమో.

అరవైల్లో సంగతి. మోత్కూరులో మాది మగ్గం ఇల్లు. అన్న నేసేవాడు, వదిన నూలు కండెలు చుట్టేది. ఇంట్లో చదవడం, రాయడం వచ్చింది నాకే. వాళ్ల కూతురు సుగుణకు అప్పుడు నాలుగేళ్లు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కండెలను రంగుల వారీగా వరుస పేర్చుకునేది. ఒక్కటి కదిలిస్తే గోడకేసి తల కొట్టుకునేది. చెవుడేమో అనుకుందామంటే, మగ్గం చప్పుడు ఆగిన క్షణమే తలెత్తేది. ఆ తీరును ఇప్పుడు ఆటిజం అంటున్నారు. అప్పుడు మాకు దానికి పేరు లేదు.

ఒకసారి పట్నం నుంచి డాక్టరమ్మ ఒకామె వచ్చి, చిన్నపిల్లలున్న ఇళ్లకు ప్రశ్నల కాగితం పంపింది. జవాబులు తల్లి చెప్పాలి. అనుమానమున్న పిల్లలను నల్గొండకు పిలిపించి చూస్తుందట.

నేను చదివాను. వదిన పని ఆపి కూర్చుంది.

"పిలిస్తే పలుకుతుందా?"

"పలుకది చెల్లె. గట్లనే రాయి."

"తల్లి ముఖం చూసి నవ్వుతుందా?"

వదిన సుగుణ వైపు చూసింది. "ఒక్కపారి గూడ నవ్వలే. గది గూడ రాయి. ఏదీ దాయకు. డాక్టరమ్మ సూస్తె జర బాగైతదేమో."

నేను మాత్రం ప్రతి ప్రశ్న కిందా 'అవును' అని రాశాను. ఆ వారమే నా పెళ్లిచూపులకు ఆలేరు నుంచి వస్తున్నారు. ఇంట్లో పిల్లకు బుద్ధి సరిగా లేదని కాగితానికెక్కితే సంబంధం తప్పిపోతుందని భయం. భయమేనా? సుగుణ మా ఇంటి పిల్ల అని చెప్పుకోవడానికి సిగ్గు కూడానేమో. కింద వదిన వేలిముద్ర వేసింది. ఆమె వేలు పట్టుకుని వేయించింది నేనే.

మా వీధి నుంచి ఇద్దరు పిల్లలను పిలిచారు. సుగుణను పిలవలేదు. కొన్ని నెలలు, పోస్టుమాన్ కనబడ్డప్పుడల్లా వదిన లేచి నిలబడేది. చివరికి అంది:

"నాకే సక్కగ చెప్పరాలేదేమో చెల్లె. సదువు లేనిదాన్ని గద."

"ఏమో వదినా," అన్నాను.

నా పెళ్లి అయింది. సుగుణ రోడ్డు మీదికి ఉరకకుండా నడుముకు తాడేసి గుంజకు కట్టేవాళ్లు. పుట్టింటికి పోయినప్పుడల్లా ఆ తాడు చూసేదాన్ని. పదమూడేళ్ల వయసులో సుగుణ జ్వరమొచ్చి పోయింది.

డాక్టరమ్మ చూసినా ఏం చేసి ఉండేది? ఆ రోజుల్లో ఎవరికేం తెలుసు? ఇలా ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో. నిజమే కావచ్చు. కానీ అది తేల్చాల్సింది నేను కాదు.

మంచాన పడ్డాక కూడా వదిన అదే తలుచుకుని ఏడ్చింది. ఆ పొద్దు తాను సరిగ్గా చెప్పి ఉంటే బిడ్డ బతుకు వేరేగా ఉండేదని. పక్కనే కూర్చున్నాను. నోరు విప్పలేదు.

వదిన సరిగ్గానే చెప్పింది. ప్రతి మాటా నిజమే చెప్పింది. అబద్ధం రాసింది నేను.