మా మేడం గొంతు మేడందే

మేడం పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పండు వయసు, నిద్రలోనే వెళ్ళిపోయారట. గుండెలు బాదుకోవాల్సిన చావు కాదు, నేనూ నిబ్బరంగానే విన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ దేశం టీవీలో మేడం పాత సినిమా వేశారట. తేనెలాంటి ఆ గొంతు ఇక వినపడదని ఎవరో పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడట. అప్పుడు మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సినిమాలో వినపడే గొంతు మా మేడంది కాదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలంటారు. చెప్తాను. కానీ ఆవిడ గొంతు తీసేసినవాడి గురించి కూడా నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. ఆ సినిమా తీసిన డైరెక్టరు ఎప్పుడో పోయాడు. పోయినవాణ్ణి తిట్టకూడదని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. బతికుండగా తిట్టే వీలు నాకెవరిచ్చారు?

మాది రాజోలు దగ్గర పల్లె. డెబ్భైల చివర్లో ఇంటిపనికి దుబాయ్ వెళ్ళాను. మొదట పనిచేసిన ఇంట్లో యజమానురాలికి నా మాట వినపడకూడదు. తల ఊపడమే నా భాష. ఆ ఇల్లు మానేసి మేడం దగ్గర చేరిన రోజున ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఏదైనా మీ భాషలో మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచక చేపల పులుసు ఎలా పెట్టాలో చెప్పాను. కళ్ళు మూసుకుని, పాట విన్నట్టు చివరిదాకా విన్నారు. మీ భాషలో మాటలు గుండ్రంగా ఉంటాయి సత్యా అన్నారు. నేను సత్యవతిని. ఆ దేశంలో నా పేరు సరిగ్గా పలికిన మొదటి మనిషి ఆవిడే.

ఆవిడది వేల్స్. ఇంగ్లండును ఆనుకునే ఉంటుంది కానీ భాష పూర్తిగా వేరు. తండ్రి బొగ్గు గనిలో కూలి, తల్లి చర్చిలో పాడేది. మేడం చిన్నతనంలోనే నాటకాల కంపెనీలో చేరి ఊరూరా తిరిగారట. దాసీ వేషాలు, ముసలి అత్త వేషాలు, రాణి వెనక గొడుగు పట్టుకునే వేషాలు అన్నీ వేసి, లండన్ స్టేజీ మీద నాయిక అయ్యారు. ఆ నాటకం చూసే ఈ డైరెక్టరు సినిమాకి పిలిచాడు. ఆవిడ మాటలో మాత్రం వాళ్ళ ఊరి యాస కొంచెం మిగిలింది. యాస ఉంటే తప్పా? మా గోదావరివాళ్ళం ఎక్కడికెళ్ళినా మా దీర్ఘాలు మాతోనే వస్తాయి.

సినిమా విడుదలైన రోజు మేడం సొంత ఊళ్ళో, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చూశారట. తెర మీద కూతురు నోరు తెరవగానే ఆ తల్లి చెయ్యి పట్టుకుని, "నీ నోట్లో మాట్లాడుతున్నది ఎవరే?" అని అడిగిందట. డైరెక్టరు మాటలన్నీ వేరే ఆవిడ చేత చెప్పించి అతికించాడు. మేడంని అడగలేదు, చెప్పనూలేదు. సినిమా పెద్ద హిట్టు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా, ఏదమ్మా ఆ గొంతు అని అడిగేవాళ్ళే. సొంత గొంతుతో మాట్లాడితే మొహాలు మాడ్చుకునేవారు. స్టేజీ వేషాలు కూడా పలచబడ్డాయి. ఇంజనీరుని పెళ్ళి చేసుకుని, ఆయన ఉద్యోగం వెంట దుబాయ్ వచ్చేశారు.

వచ్చినా నాటకం మానలేదు. తెల్లవాళ్ళ క్లబ్బులో ఏటా ఏదో ఒకటి ఆడించేవారు. నన్ను తీసుకుని అబ్రా అనే పడవలో క్రీక్ పాయ దాటి, బర్ దుబాయ్ బట్టల కొట్లలో రాణుల గౌన్లకు ముక్కలు ఏరేవారు. ఇంట్లో రిహార్సల్ అంటే ఏసీ ఆపేసేవారు, ఆ మోతలో మాట తేలదని. నేను చెమటలు కక్కుతూ ఇస్త్రీ చేస్తుంటే ఆవిడ గది ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ డైలాగులు చెప్పేవారు. నాటకంలో చివరి మాట దగ్గరకు రాగానే టక్కున ఆగి, "ఖలాస్" అనేవారు. ఎన్నిసార్లు అడిగినా ఆ మాట చెప్పేవారు కాదు. అది వాళ్ళ స్టేజీ ఆచారమట. జనం ముందు ఆడేదాకా చివరి మాట పలకకూడదు, పలికితే అరిష్టం.

డైరెక్టరు గురించి మాత్రం ఎప్పుడూ గొంతు పెంచలేదు. నేనే ఉండబట్టలేక, మా ఊళ్ళో అయితే వాడి ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తిపోసేవాళ్ళం మేడం అన్నాను. "కోపం అరిస్తే అయిపోతుంది సత్యా, దాచుకుంటే పనికొస్తుంది" అన్నారు. ఆవిడ మాటల్లో నేను ఎక్కువగా వాడుకున్నది ఇదే.

ఆ దాచుకున్నది పనికొచ్చే రోజు ఎనభైల మొదట్లో వచ్చింది. అప్పట్లో లండన్ నాటకాలవాళ్ళు పెద్ద హోటళ్ళకు వచ్చేవారు. జనం బల్లల దగ్గర భోంచేసి, అక్కడే కూర్చుని నాటకం చూసేవారు. అలా ఒక బృందంతో ఈ డైరెక్టరు దిగాడు. నాటకం వాడిదే, అందులో భర్త వేషమూ వాడిదే. భార్య వేషం వేసే ఆవిడ ఎండదెబ్బకో, రొయ్యలు పడకో ఆసుపత్రి పాలైంది. ఈ ఊళ్ళో నటి ఎవరున్నారని వాకబు చేస్తే మేడం పేరు తేలింది. సిగ్గు లేకుండా ఇంటికే వచ్చాడు.

టీ నేనే ఇచ్చాను. అందులో ఏం కలపలేదు, అది మేడం మీద గౌరవం. పాత సంగతి వాడే ఎత్తాడు. అప్పుడు చేసింది సినిమా మంచికేనట, గొంతు మార్చబట్టే మేడం నలుగురికీ తెలిసిందట. ఈసారి కూడా ఆ పల్లెటూరి యాస లేకుండా చూసుకో అన్నాడు. మేడం నవ్వుతూ తల ఊపారు. మీరు చెప్పినట్టే అన్నారు. వాడు వెళ్ళాక కప్పు చేతికిచ్చి, ఇది మళ్ళీ అల్మారాలో పెట్టకు అన్నారు. సంతోషంగా పగలగొట్టాను.

రిహార్సల్స్‌లో ఆవిడ ఒక్క మాట కూడా వాడి మాట దాటలేదు. చిలక పలుకుల్లాంటి లండన్ ఇంగ్లీషు. ఆ నాటకంలో ఒక భార్య జన్మంతా మొగుడి మాట వింటుంది. చివర్లో వాడు చక్రాల కుర్చీలో కూర్చుని ఉంటాడు, కదలలేడు, మాట రాదు. ఆవిడ గుమ్మం దగ్గర ఒక్క మాట చెప్తుంది, లైట్లు ఆరిపోతాయి. ఆచారం ప్రకారం ఆ మాట దగ్గర అందరూ ఆగిపోయేవారు. ఆచారాలంటే డైరెక్టరుకి మేడం కంటే ఎక్కువ భయం. కాబట్టి ఆవిడ ఆ మాట ఎలా చెప్తుందో ఎవరూ వినలేదు.

లైట్ల దగ్గర హోటల్ ఎలక్ట్రీషియన్ నర్సయ్య ఉండేవాడు, సిరిసిల్ల వైపు మనిషి. ఇంగ్లీషు రాదు, డైరెక్టరు మాటలు హోటల్ మేనేజరు హిందీలో చెప్పేవాడు. నాటకం రోజు మధ్యాహ్నం మేడం అతనికి టీ ఇప్పించి, ఏ మాటకు లైట్లు ఆర్పమన్నారో కనుక్కో అని నాతో అన్నారు. అడిగాను.

"ఆఖరికి ఆమె గుడ్ నైట్ అంటది. గా మాట ఇనపడంగనే బంద్ జేయుమన్నడక్కా. అంతకుముందు ముట్టినవంటే కంపెనీకి చెప్పి ఇంటికి పంపిస్త అన్నడు" అన్నాడు నర్సయ్య.

అదే తెలుగు నుంచి నాకొచ్చిన ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. మేడం ముఖంలో నవ్వు లేదు. డైరెక్టరు చెప్పినట్టే చెయ్యమను, పాపం ఉద్యోగం పోకూడదు అన్నారు. నాకప్పుడు కూడా అర్థం కాలేదు.

సాయంత్రం తెర పక్కన ఆవిడ శాలువా పట్టుకుని నిలబడ్డాను. హాలు నిండా సూట్లు, గౌన్లు. నాటకం నున్నగా సాగిపోయింది. చివరికి డైరెక్టరు చక్రాల కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, జనానికి ఎదురుగా ఉన్నాడు. మేడం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. చివరి మాట చెప్పారు. అది ఇంగ్లీషు కాదు. వాళ్ళమ్మ భాష. ఆవిడ స్నానాల గదిలో పాడుకునే గొంతు, నాతో చేపల పులుసు గురించి మాట్లాడే గొంతు.

గుడ్ నైట్ వినపడలేదు కాబట్టి నర్సయ్య లైట్లు ఆర్పలేదు. వెలుగు అలాగే ఉంది. డైరెక్టరు లేవలేడు, లేస్తే నాటకం పోతుంది. నోరెత్తలేడు, వాడి పాత్రకు మాట లేదు. ఒళ్ళో వేళ్ళు మాత్రం నర్సయ్య వైపు ఆడిస్తున్నాడు. మేడం నెమ్మదిగా స్టేజీ ముందుకు వచ్చి, ఆ యాసలోనే ఇంగ్లీషులో మాట్లాడారు.

"మీరిప్పుడు విన్నది నా భాష. ఇది నా గొంతు. మీరంతా చూసిన ఆ సినిమాలో నా నోట్లో ఉన్నది వేరే ఆవిడ గొంతు. నన్ను అడక్కుండా మార్చినాయన ఇదిగో, ఈ కుర్చీలో ఉన్నారు. ఈ పూట ఆయనకు మాటలు లేవు."

హాలంతా అటే చూసింది. వాడి మెడ మీద రంగు చెమటకు కారడం నేను కళ్ళారా చూశాను. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. వెనక బల్ల దగ్గర ఒకాయన లేచి నిలబడి మేడం భాషలో ఏదో అన్నాడు. మేడం ఆయనకు తల వంచి, ఇటు తిరిగి, తీరిగ్గా అసలు డైలాగు చెప్పారు.

"తలుపు మీరే వేసుకోండి. గుడ్ నైట్."

చీకటి పడింది. చప్పట్లు ఎవరి కోసమో తెలుసుకోకుండానే డైరెక్టరు పక్క దారిన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నర్సయ్యను నిలదీశాడు.

"మాటకు బంద్ జేయుమన్నవ్ గని, ఏళ్ళు ఊపితె కాదు గద సార్ అని హిందీల జెప్పిన" అన్నాడు నర్సయ్య నాతో. అతను అమాయకుడో గడుసువాడో నాకిప్పటికీ తెలీదు.

ఆ హోటలువాళ్ళు మేడంని మళ్ళీ పిలవలేదు. సార్ ఆఫీసువాళ్ళ భార్యలు కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆవిడ లెక్కచేయలేదు. దుబాయ్ వదిలి తమ ఊరు వెళ్ళాక వాళ్ళ భాషలోనే నాటకాలు వేశారు, వాళ్ళ టీవీలో అవ్వ వేషాలు వేశారు, ఓపిక ఉన్నంతకాలం సొంత గొంతుతోనే. వాటి గురించి ఆ టీవీ పెద్దమనిషి ఒక్క ముక్క ఎత్తలేదట.

నిన్న మా మనవరాలు ఫోన్‌లో ఆ పాత సినిమా వెతికి పెట్టింది. పడుచు మేడం తెర మీదకు వచ్చి నోరు తెరిచారు. తియ్యటి గొంతే, కాదనను. ఫోన్ లాక్కుని పక్కనున్న మీట నొక్కి, సౌండు అడుక్కి దించేశాను.

"మాటలు వినపడట్లేదు అమ్మమ్మా" అంది పిల్ల.

"వినపడక్కర్లేదు, చూడు" అన్నాను.

మేడం పెదవులు కదులుతున్నాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఎవరి గొంతూ లేదు.